మీ పేరుకు ఈసీ తీయించారా?

ఏమండీ, వంద గజాల స్థలం కొనాలన్నా మనం ముందు చేసే పనేమిటి? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకో మీసేవకో వెళ్ళి ఈసీ తీయిస్తాం. ముప్పై ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడైనా తాకట్టు ఉందా, ఉంటే తీరిందా అని ఒక్కో వరుసా వేలు పెట్టి చదువుతాం. అర్థం కాకపోతే తెలిసిన లాయరుకు చూపిస్తాం. భూమి విషయంలో మనవాళ్ళ జాగ్రత్త అలాంటిది. మరి భూమికన్నా ముందు మనకు దక్కిన ఆస్తి మన పేరు కదా! ఆ పేరు మీద ఎవరెవరు అప్పు పుట్టించారో, ఏ బాకీ తీరిందో, ఏది తీరలేదో చెప్పే కాగితం కూడా ఒకటుంది. క్రెడిట్ రిపోర్టు. వాడుకలో అందరం ‘సిబిల్’ అనేస్తాం. మీ ఇంట్లో దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇవాళ ఆ కబురే చెప్పుకుందాం. కాస్త తీరిగ్గా కూర్చోండి.

సిబిల్ అనగానే అందరి నోటా స్కోరు మాటే వస్తుంది. నాది ఏడొందల అరవై, మా తమ్ముడిది ఎనిమిది వందలు అని చెప్పుకుంటాం. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉండే ఒక అంకె. అప్పిచ్చే బ్యాంకుకు అది కావాలి. మనకు మాత్రం దాని వెనక ఉన్న రిపోర్టు కావాలి. ఎందుకంటారా? మీ పేరు మీద ఇంకెవడో అప్పు తీసుకుని, మొదటి రెండు మూడు వాయిదాలు కట్టాడనుకోండి. స్కోరు పెద్దగా కదలదు. అప్పు మాత్రం రిపోర్టులో ఎక్కి కూర్చుంటుంది. అంకె చూసి మురిసిపోయి పేజీ మూసేస్తే అది మన కంటపడదు. మన పేరు దొంగిలించినవాడి ఆనవాలు నల్లటి అక్షరాల్లో కనబడే చోటు ఈ రిపోర్టు. దాన్ని మనమే చదవాలి. ఏది మనదో, ఏది కాదో మనకు తప్ప ఇంకెవరికీ తెలియదు కాబట్టి మనమే చదవాలి.

ఇంతకీ ఈ లెక్కలు ఎవరు రాస్తున్నారు? మన దేశంలో నాలుగు సంస్థలున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. మొదటిది 2000లో మొదలైంది. 2005లో ఇలాంటి సంస్థలకంటూ ఒక చట్టం వచ్చింది. మిగతా మూడింటికీ 2010లో రిజర్వు బ్యాంకు అనుమతి దొరికింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మనకిచ్చిన ప్రతి అప్పు వివరమూ ఈ నాలుగింటికీ పంపాలి. ఇదివరకు నెలకోసారి పంపేవి. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని నిబంధన వచ్చింది. అంటే మన పేరు మీద జరిగిన పని ఎక్కువ రోజులు దాగదు, చూసేవాళ్ళుంటే.

ఈ కథలో మన రాష్ట్రానికీ ఒక అధ్యాయం ఉంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల కంపెనీలు ఊళ్ళ మీద పడి, ఒకే మహిళకు మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చి, వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ, ఈ కంపెనీలు కూడా ఎవరికెంత ఇచ్చాయో క్రెడిట్ సంస్థలకు చెప్పి తీరాలంది. అలా మన పల్లెటూరి అక్కచెల్లెళ్ళ చిన్న చిన్న అప్పులు కూడా ఈ లెక్కల్లోకి ఎక్కాయి. కాబట్టి ‘నాకెందుకీ రిపోర్టు, నేనేమైనా ఇల్లు కడుతున్నానా’ అనే మాట ఇక చెల్లదు. గ్రూపు అప్పు తీసుకున్నా, వాయిదాల మీద ఫోను కొన్నా మీకూ ఒక ఖాతా తెరిచే ఉంటారు.

మా పక్కింటి పిన్నిగారి సంగతి చెప్తాను, వినండి. బాబాయిగారు పోయాక ఫ్యామిలీ పెన్షనుతో గుట్టుగా బతుకుతున్న మనిషి. కొడుకు ఇల్లు కొనుక్కుంటూ తల్లిని కూడా లోనులో కలపాలనుకున్నాడు. బ్యాంకువాళ్ళు పిన్నిగారి పాన్ కొట్టి చూసి, ‘‘అమ్మగారి మీద పాత బాకీ ఉంది, అది తేల్చుకుని రండి’’ అన్నారు. ఆవిడ మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. ‘‘నాకు అప్పేమిటే అమ్మాయ్! పాలవాడికి కూడా ఒక్క రోజు బాకీ పెట్టని దాన్ని’’ అన్నారు. గొంతు వణుకుతోంది.

ఆవిడ ఫోన్లోనే రిపోర్టు తీశాం. ఇందులో డబ్బు ఖర్చేమీ లేదు. 2017 జనవరి నుంచి ప్రతి సంస్థా ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. నాలుగు సంస్థలు కాబట్టి నాలుగు రిపోర్టులు. మూణ్ణెల్లకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా మన పేరు మీద మన కన్ను ఉన్నట్టే. ఇంకో భయం కూడా తీసేసుకోండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చూసే చూపు వేరు, మనం చూసుకునే చూపు వేరు. తీసేటప్పుడు మాత్రం ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌కే వెళ్ళండి. ‘ఫ్రీ స్కోరు’ అని వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి పాన్, పుట్టిన తేదీ, ఓటీపీ అప్పగించారంటే దొంగను మనమే లోపలికి పిలిచినట్టవుతుంది.

సరే, రిపోర్టు తెరిచాం. మొదట పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు ఉంటాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాని కింద చిరునామా, అదీ ఆవిడదే. ఆ కింద ఫోన్ నంబర్లు రెండున్నాయి. ఒకటి పిన్నిగారిది. ‘‘రెండోది ఎవరిదండీ?’’ అని అడిగాను. ఆవిడకు తెలియదు, వాళ్ళబ్బాయికీ తెలియదు. అక్కడే అనుమానం మొదలైంది. తర్వాత ఖాతాల భాగం. ఒకే ఒక్క అప్పు ఉంది. రకం కన్స్యూమర్ లోను. అంటే టీవీలు, ఫోన్లు కొనడానికి ఇచ్చేది. దాని కింద నెలల వారీగా చిన్న గడులున్నాయి. మొదటి రెండు నెలలకూ మూడు సున్నాలు. ఆ తర్వాత 030, 060, 090. ఆ గడుల్లో అంకె వాయిదా గడువు దాటి ఎన్ని రోజులైందో చెబుతుంది. మూడు సున్నాలంటే సకాలంలో కట్టారని. అంటే ఆ మహానుభావుడెవరో రెండు నెలలు కట్టి మానేశాడు. కంపెనీవాళ్ళు ఫోన్లు చేసే ఉంటారు. అవన్నీ ఆ రెండో నంబరుకు వెళ్ళాయి.

చివర ఎంక్వైరీల భాగం ఉంటుంది. మన రిపోర్టును ఏ బ్యాంకు, ఏ కంపెనీ, ఏ తేదీన, ఎంత అప్పు కోసం చూసిందో అందులో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. నన్నడిగితే ముందు చదవాల్సింది దాన్నే. అప్పు పుట్టకముందు ఎంక్వైరీ పుడుతుంది. మనం అడగని చోట మన పేరు అడిగారంటే ఎవరో ప్రయత్నం చేస్తున్నారన్న మాట. పిన్నిగారి రిపోర్టులో ఆ ఎంక్వైరీ తేదీ చదివి వినిపించగానే ఆవిడ ఒక్క నిమిషం ఆగారు. ‘‘దసరా ముందు కదూ అది! ఆ వారమే మేం వాషింగ్ మెషీన్ కొన్నాం’’ అన్నారు.

కొన్నది రొక్కానికే. బిల్లు కట్టి వస్తుంటే షాపులో ఈఎంఐ బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు, ‘‘వారంటీ ఎక్కించాలి ఆంటీ, ఆధార్, పాన్ ఇవ్వండి, ఫోనుకు ఓటీపీ వస్తుంది, చెప్పండి’’ అన్నాడట. ఈవిడ ఇచ్చారు, చెప్పారు. కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు, బాటిల్లో నీళ్ళు కూడా ఇచ్చాడు. ఎవరైనా ఇస్తారు కదండీ! వారంటీకి పాన్ ఎందుకు, ఓటీపీ ఎందుకు అని అడగాలని ఆవిడకు ఎవరు చెప్పారు?

అప్పిచ్చిన కంపెనీకి ఉత్తరం రాశాం. అందులో అడగాల్సినవి అడిగాం. దరఖాస్తు నకలు, అప్పుడు తీసిన ఫొటో, వస్తువు బిల్లు, అందుకున్నట్టు సంతకం చేసిన కాగితం, కట్టిన రెండు వాయిదాలు ఏ బ్యాంకు ఖాతా నుంచి వచ్చాయో ఆ వివరం. ‘నేను తీసుకోలేదు’ అని ఒక్క మాట రాస్తే ‘మా రికార్డుల్లో ఉంది’ అని ఒక్క మాట జవాబొస్తుంది. కాగితాలడిగితే కదులుతారు. అదే రోజు క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో ‘ఈ ఖాతా నాది కాదు’ అని అభ్యంతరం పెట్టాం. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, ఆ రసీదు నంబరు కూడా ఉత్తరంలో జతచేశాం. కాగితాలు వచ్చాయి. బిల్లు ఒక సెల్‌ఫోనుది. అందుకున్నట్టు పెట్టిన సంతకం ఇంగ్లీషులో ఉంది. పిన్నిగారు పెళ్ళి రిజిస్టరు దగ్గర్నుంచి పెన్షను కాగితం దాకా తెలుగులో తప్ప సంతకం పెట్టింది లేదు. ఆ ఒక్క ఆధారంతో వాదన ముగిసింది. ఖాతా తీసేశారు, ఎంక్వైరీ కూడా తీసేశారు. పిన్నిగారు మాత్రం చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఆ నష్టానికి లెక్క కట్టేవాళ్ళు లేరు.

ఇక్కడ మీకొక హక్కు గురించి గట్టిగా చెప్పాలి. తప్పు సరిచేయమని ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా అది తేలాలి. అప్పిచ్చిన సంస్థకు అందులో 21 రోజులు, మిగతావి క్రెడిట్ సంస్థకు. గడువు దాటితే ఆపై ప్రతి రోజుకూ ₹100 చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఎవరివల్ల ఆలస్యమైతే వాళ్ళే కట్టాలి. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ భద్రంగా పెట్టుకోండి. అప్పటికీ తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సంస్థలు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి. 14448కి ఫోన్ చేస్తే ఎలా ఫిర్యాదు చేయాలో చెబుతారు. ఇంకో మాట, అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోకుండా క్రెడిట్ సంస్థ తనంతట తాను ఏ వివరమూ చెరపదు. అందుకని ‘మీ సిబిల్ వారంలో శుభ్రం చేస్తాం, ఐదు వేలివ్వండి’ అనేవాళ్ళకు పైసా ఇవ్వకండి. వాళ్ళు చేయగలిగిన పని ఏదైనా మీరే ఉచితంగా చేసుకోవచ్చు.

అన్ని తప్పులూ దొంగతనాలు కావు. మన తెలుగు పేర్లతో వచ్చే చిక్కు ఒకటుంది. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక. బ్యాంకులో కె. శ్రీనివాసరావు, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాసింది, ఆధార్‌లో రావు ఎగిరిపోయి శ్రీనివాస్. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లు, అందరూ జూలై ఒకటినే పుట్టినట్టు బడి రికార్డులు! పాన్ ఇవ్వకుండా తీసుకున్న పాత అప్పులైతే ఒకరివి ఇంకొకరి రిపోర్టులో చేరిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి తెలియని ఖాతా కనబడగానే గుండె బాదుకోకుండా చిరునామా, పుట్టిన తేదీ పోల్చి చూడండి. మీ పెద్దనాన్న కొడుకుది మీ దాంట్లో పడిందేమో! పరిష్కారం మాత్రం రెండింటికీ ఒకటే. రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి. ఊరుకోకూడదు. వీలైతే ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండేట్టు దిద్దించుకోండి.

దొంగతనమూ కాక, పొరపాటూ కాక మూడో రకం ఒకటుంది. మనం పెట్టిన హామీ సంతకం. బావమరిది వ్యాపారానికో, తోటి ఉద్యోగి లోనుకో మొహమాటానికి పెట్టి మరిచిపోయింది. ఆ అప్పు మీ రిపోర్టులో ‘గ్యారంటర్’ అన్న మాటతో కనబడుతుంది. వాళ్ళు కట్టకపోతే మచ్చ మీకూ పడుతుంది. ఇక ‘సెటిల్డ్’ అని ఉంటే బాకీ పూర్తిగా తీరిందని సంబరపడకండి. బ్యాంకు కొంత వదులుకుని రాజీపడిందని దానర్థం. తర్వాత అప్పిచ్చేవాళ్ళు దాన్ని చూసి వెనకాడతారు. పూర్తిగా కట్టేసిన అప్పయితే ‘క్లోజ్డ్’ అని ఉండాలి. లేకపోతే బాకీ లేదన్న పత్రం జతచేసి మార్పించుకోండి.

మరి మన వివరాలు బయటికెలా పోతున్నాయి? పెద్ద పెద్ద హ్యాకర్ల దాకా వెళ్ళక్కర్లేదు. మన వీధి చివర జిరాక్స్ షాపులో కాసేపు నిలబడి చూడండి. సరిగ్గా పడలేదని పక్కన పారేసిన ఆధార్ నకళ్ళు ఆ చెత్తబుట్టలోనే ఉంటాయి. నెట్ సెంటరులో ఈ-ఆధార్ దింపుకుని ప్రింటు తీసుకుని వచ్చేస్తాం, ఫైలు ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. దాని పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ ఫైలు ఎవరిదో వాళ్ళను ఎరిగిన ఎవరికైనా ఆ రెండూ తెలుసు. ఫైలును మీ ఎదురుగానే తీసేయించండి, రీసైకిల్ బిన్‌లో కూడా లేకుండా చూడండి. నకలిచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ‘ఫలానా సిమ్ కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. లాడ్జీలోనో అద్దె ఇంటి దగ్గరో అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

వేలిముద్ర సంగతి ఇంకా జాగ్రత్తగా వినాలి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. అతను చేసిన పనేమిటంటే, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న దస్తావేజుల్లోంచి జనం వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపుల మాదిరి అచ్చులు పోసి, వాళ్ళ పేర్ల మీద వేలాది సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. పొలం రిజిస్ట్రేషన్‌కు మనం పెట్టిన బొటనవేలి ముద్ర అలా వాడాడన్న మాట. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా! ఊళ్ళలో బ్యాంకు మిత్రల దగ్గర ఆధార్ నంబరు, వేలిముద్రతోనే డబ్బు తీసే పద్ధతి ఉంది. దానికి ఓటీపీ ఉండదు. అందుకే ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి. అవసరమైనప్పుడు కాసేపు తీసి మళ్ళీ వేసుకోవచ్చు. మన ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే కనబడుతుంది. వేలిముద్రతో పెన్షను తీసుకునే పెద్దవాళ్ళుంటే మాత్రం, తీసుకునే రోజుకు లాక్ తీసిపెట్టే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు నెత్తిన వేసుకోండి. లేకపోతే వాళ్ళు ఎండలో ఉత్తి చేతులతో తిరిగొస్తారు.

సిమ్‌ల మాట వచ్చింది కాబట్టి, మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ఇవాళే చూడండి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ నంబరు, ఓటీపీ కొడితే జాబితా వస్తుంది. ఈ సౌకర్యం 2021లో మొదట మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే మొదలై, తర్వాత దేశమంతా విస్తరించింది. జాబితాలో తెలియని నంబరుంటే ‘నాది కాదు’ అని అక్కడే చెప్పొచ్చు. మీ పేరు మీద ఉన్న సిమ్‌తో ఎవడో ఎవరినో మోసం చేస్తే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే.

పాన్ కూడా తక్కువదేమీ కాదు. 2022 ఫిబ్రవరిలో సినీనటి సన్నీ లియోనీ, తన పాన్ మీద ఎవరో రెండు వేల రూపాయల అప్పు తీసుకున్నారని ట్విటర్‌లో వాపోయారు. అదే నెలలో అలా తమ రిపోర్టుల్లో తెలియని చిన్న అప్పులు చూసుకున్నవాళ్ళు ఇంకా చాలామంది బయటికొచ్చారు. రెండు వేలే కదా అని తీసిపారేయకండి. కట్టని రెండు వేలు కూడా రిపోర్టులో బాకీగానే ఉంటుంది, రేపు మీ పిల్లాడి చదువు లోనుకు అడ్డం పడుతుంది. వ్యాపారమేమీ లేకపోయినా జీఎస్టీ పోర్టల్‌లో మీ పాన్ కొట్టి వెతకండి. మీ పేరు మీద ఎవరైనా కంపెనీ నడుపుతుంటే అక్కడ కనబడుతుంది.

మీ ఖాతాలోంచి అప్పుడే డబ్బు పోయిందని తెలిస్తే మిగతావన్నీ పక్కనపెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది. ఎంత తొందరగా చెబితే అంత దగ్గర్లో ఆపగలుగుతారు. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు ఇంకో కబురు. అక్కడ సోషల్ సెక్యూరిటీ నంబరు పోతే చాలు, కార్డులు, కారు లోన్లు పుట్టించేస్తారు. 2017లో ఈక్విఫాక్స్ నుంచే దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. అయితే అక్కడ ఒక మంచి తాళం ఉంది. మూడు క్రెడిట్ సంస్థల దగ్గరా మన రిపోర్టును ఫ్రీజ్ చేయించుకోవచ్చు. అప్పుడు మన పేరు మీద కొత్త అప్పు పుట్టించడం దాదాపు అసాధ్యం. మనకు కావలసినప్పుడు ఆ ఫ్రీజ్ తీయించుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. చిన్నపిల్లల పేర్ల మీద కూడా తల్లిదండ్రులు చేయించవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ అమ్మాయికి ఈసారి వీడియో కాల్‌లో ఇది చెప్పండి. అక్కడి పిల్లలు ఇక్కడ వదిలేసి వెళ్ళిన పాత నంబరు గురించి కూడా అడగండి. మూణ్ణెల్లు వాడకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయి కొత్తవాళ్ళ చేతికి వెళ్ళొచ్చు. ఇక్కడి బ్యాంకు ఖాతాకు ఇంకా ఆ నంబరే ఉంటే, ఓటీపీలన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పోతాయి.

ఇన్ని చెప్పాక ఒక్క మాట మనసులోంచి చెప్తాను. పిన్నిగారు ఆ రోజు బాకీ గురించి ఎంత భయపడ్డారో, కొడుకు ఏమంటాడోనని అంతకన్నా ఎక్కువ భయపడ్డారు. ‘నేను ఓటీపీ చెప్పానని వాడితో అనకే’ అని నా చెయ్యి పట్టుకున్నారు. ఇలాంటి మోసాల్లో డబ్బుకన్నా ముందు పోయేది పెద్దవాళ్ళ ధైర్యం. తిడతారని దాచేస్తారు, దాచిన ప్రతి రోజూ దొంగకు కలిసొస్తుంది. కాబట్టి ఈ ఆదివారం మీ రిపోర్టు తీశాక అమ్మది, అత్తగారిది, నాన్నగారిది కూడా పక్కన కూర్చుని తీయండి. ఏ అప్పూ తీసుకోని మనిషి రిపోర్టు ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంటే సంతోషం. తెలియని వరుస ఒక్కటి కనబడినా, ‘ఎవరికిచ్చావ్, ఎందుకిచ్చావ్’ అని అడగకండి. తప్పు మోసం చేసినవాడిది, నమ్మినవాళ్ళది కాదు. ‘ఏం ఫర్వాలేదమ్మా, మనం రాద్దాం’ అనండి. ఆ మాట అన్న రోజే ఫిర్యాదు కూడా రాసేయండి.